చేవెళ్ల తొలి ఎంపీ జైపాల్‌రెడ్డి: నాలుగున్నర దశాబ్దాల ఎన్నికల ప్రస్థానం

* శాసనసభకు నాలుగు సార్లు, లోక్‌సభకు ఐదు సార్లు
* మెదక్‌లో ఇందిరాగాంధీపై పోటీ
* చివరి పోరులో 2,590 ఓట్ల తేడాతో పరాజయం

నల్లగండ్ల (శేరిలింగంపల్లి): నల్లగండ్ల, గోపన్‌పల్లి, చందానగర్, గచ్చిబౌలి ప్రాంతాల ఓటర్లు చేవెళ్ల లోక్‌సభ స్థానం పరిధిలో తొలిసారిగా ఓటు వేసింది 2009లో. నియోజకవర్గాల పునర్విభజనలో కొత్తగా ఏర్పడిన ఆ స్థానం నుంచి మొదటి ఎంపీగా ఎన్నికైనవారు సూదిని జైపాల్‌రెడ్డి. అప్పటికే ఆయన నాలుగు పర్యాయాలు శాసనసభ్యునిగా, నాలుగు పర్యాయాలు లోక్‌సభ సభ్యునిగా, రెండు పర్యాయాలు రాజ్యసభ సభ్యునిగా పనిచేశారు. ఇద్దరు ప్రధానుల మంత్రివర్గాల్లో కొలువుతీరారు. ఐటీ నడవాలో కొత్తగా వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో పలువురికి ఆయన టీవీ చర్చల్లోనూ, పార్లమెంటు ప్రసంగాల్లోనూ వినిపించిన గొంతుగానే పరిచయం. అయితే ఆ గొంతు వెనుక గెలుపోటముల సుదీర్ఘ చరిత్ర ఉంది. పార్లమెంటులో లభించిన గౌరవం, పోలింగ్ కేంద్రంలో పడిన ఓటు ఎల్లప్పుడూ ఒకే దారిన నడవవనడానికి ఆ చరిత్రే సాక్ష్యం.

బాల్యం, విద్య

జైపాల్‌రెడ్డి 1942 జనవరి 16న నల్గొండ జిల్లా చండూరు ప్రాంతంలోని నేర్మట గ్రామంలో జన్మించారు. స్వగ్రామం నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని మాడ్గుల. 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మాడ్గుల మండలం రంగారెడ్డి జిల్లాలో చేరింది. ఏడాదిన్నర వయసులోనే పోలియో సోకడంతో ఆయన జీవితాంతం ఊతకర్రల సాయంతోనే నడిచారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యంలో ఎంఏ పూర్తిచేశారు. విద్యార్థి సంఘ నాయకత్వం నుంచి కాంగ్రెస్ రాజకీయాల్లోకి ప్రవేశించారు.

రహదారులు అంతంతమాత్రంగా ఉన్న ఆనాటి పాలమూరు పల్లెల్లో ఊతకర్రలతో ఊరూరా తిరిగి ప్రచారం చేయడం సామాన్య విషయం కాదు. తన వైకల్యాన్ని ఓట్లడిగే సాధనంగా మార్చుకోకపోవడం ఆయన ప్రత్యేకతగా సహచరులు చెప్పేవారు.

కల్వకుర్తి కోట

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా సాగుతున్న కాలంలో కల్వకుర్తి శాసనసభ స్థానానికి జరిగిన ఉప ఎన్నికలో జైపాల్‌రెడ్డి గెలుపొందారు. అప్పటికి ఆయన వయసు 27 సంవత్సరాలు. 1972 సాధారణ ఎన్నికల్లోనూ అదే స్థానం నుంచి ఎన్నికయ్యారు.

1975లో విధించిన అత్యవసర పరిస్థితి ఆయన రాజకీయ జీవితాన్ని మలుపు తిప్పింది. దానిని వ్యతిరేకించిన జైపాల్‌రెడ్డి 1977లో కాంగ్రెస్‌ను వీడి జనతా పార్టీలో చేరారు. ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయినప్పటికీ ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి పూర్తిగా భిన్నం. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో రాష్ట్రంలోని 42 స్థానాలకు గాను 41 కాంగ్రెస్‌కే దక్కాయి. జనతాకు దక్కింది నంద్యాల ఒక్కటే; అక్కడ గెలిచినవారు నీలం సంజీవరెడ్డి. అటువంటి రాష్ట్రంలో అధికార పక్షాన్ని వదిలి జనతాలో చేరడం లాభనష్టాల లెక్కకు అందే నిర్ణయం కాదు.

అయినా కల్వకుర్తి ఆయనను విడువలేదు. 1978 శాసనసభ ఎన్నికల్లో ఇందిరా కాంగ్రెస్ 175 స్థానాలతో అధికారం చేపట్టగా, 60 స్థానాలు పొందిన జనతా పక్షాన జైపాల్‌రెడ్డి సభలో అడుగుపెట్టారు. 1983లో ఎన్టీ రామారావు ప్రభంజనం వీచి, తెలుగుదేశం తొలిసారి అధికారంలోకి వచ్చిన ఎన్నికల్లోనూ జనతా అభ్యర్థిగానే కల్వకుర్తిని నిలబెట్టుకున్నారు. 1969 నుంచి 1984 వరకు పదిహేనేళ్లపాటు ఒకే నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహించారు. తరువాతి కాలంలో మరే స్థానంలోనూ ఆయనకు అంతటి సుదీర్ఘ బంధం ఏర్పడలేదు.

మెదక్‌లో ఇందిరతో పోరు

1980 లోక్‌సభ ఎన్నికల్లో ఇందిరాగాంధీ ఉత్తరప్రదేశ్‌లోని రాయ్‌బరేలీతోపాటు మెదక్ నుంచీ పోటీ చేశారు. ఆమెపై మెదక్‌లో జనతా పార్టీ నిలిపిన అభ్యర్థి జైపాల్‌రెడ్డి. జనతా ప్రభుత్వం అంతఃకలహాలతో కూలిపోయి, ఇందిర తిరిగి అధికారం దిశగా సాగుతున్న సమయమది. రాష్ట్రంలో కాంగ్రెస్ మరోసారి 41 స్థానాలు గెలుచుకుంది. మెదక్‌లో ఇందిర రెండు లక్షలకు పైగా ఆధిక్యంతో విజయం సాధించారు. రెండు చోట్లా నెగ్గిన ఆమె రాయ్‌బరేలీని వదులుకుని మెదక్‌నే అట్టిపెట్టుకున్నారు.

ఓటమి తప్పదని తెలిసీ ఆ పోటీకి దిగడంతో కల్వకుర్తి ఎమ్మెల్యే పేరు ఢిల్లీ వరకు వినిపించింది. ఆ పేరుకు లోక్‌సభలో చోటు దక్కడానికి మరో నాలుగేళ్లు పట్టింది.

కాంగ్రెస్ గాలిలో జనతా ఎంపీ

1984 డిసెంబరులో ఇందిరాగాంధీ హత్యానంతరం జరిగిన ఎన్నికల్లో దేశమంతటా కాంగ్రెస్ నాలుగు వందలకు పైగా స్థానాలు సాధించింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం ఎదురుగాలిలో నిలిచింది. ఆ ఏడాది ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని కూలదోయడంపై రగిలిన ఆగ్రహం కాంగ్రెసేతర పక్షాలను ఏకం చేసింది. తెలుగుదేశం 30 స్థానాలు గెలవగా కాంగ్రెస్ ఆరింటికి పరిమితమైంది. మహబూబ్‌నగర్ నుంచి జనతా అభ్యర్థిగా జైపాల్‌రెడ్డి విజయం సాధించి, మొదటిసారి లోక్‌సభలో ప్రవేశించారు. దేశవ్యాప్తంగా జనతా పార్టీకి దక్కిన పది స్థానాల్లో అది ఒకటి.

పది మంది ఉన్న పక్షంలో ప్రతి సభ్యుని గొంతుకూ విలువ ఉంటుంది. అంతటి భారీ మెజారిటీ ఎదుట పదునైన ఆంగ్లంలో, పొదుపైన మాటలతో చేసిన ప్రసంగాలు ఆయనకు జాతీయ స్థాయిలో గుర్తింపు తెచ్చాయి. అనంతరం జనతాదళ్ ఏర్పడినప్పుడు అందులో చేరి, ఆ పార్టీ అధికార ప్రతినిధిగా నిత్యం వార్తల్లో నిలిచారు. 1989లో మహబూబ్‌నగర్ స్థానం కాంగ్రెస్ నేత మల్లికార్జున్ వశమైంది.

రాజ్యసభ నుంచి మంత్రివర్గానికి

1990లో జైపాల్‌రెడ్డి రాజ్యసభకు ఎన్నికయ్యారు. 1991-92లో ఆ సభలో ప్రతిపక్ష నాయకునిగా వ్యవహరించారు. 1996లో ఆ పదవీకాలం ముగియగా, 1997లో రెండోసారి ఎగువ సభలో అడుగుపెట్టారు. ఐకే గుజ్రాల్ ప్రధానిగా ఉన్న ఐక్య సంఘటన ప్రభుత్వంలో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిగా బాధ్యతలు స్వీకరించారు.

ఆ శాఖలో ఆయన కాలానికి గుర్తుగా మిగిలింది ప్రసార భారతి. ఆకాశవాణి, దూరదర్శన్‌లకు స్వయంప్రతిపత్తి కల్పించే చట్టాన్ని 1990లోనే పార్లమెంటు ఆమోదించినా ఏడేళ్లపాటు అది అమలుకు నోచుకోలేదు. 1997లో చట్టం అమలులోకి వచ్చి, ఆ ఏడాది నవంబరులో ప్రసార భారతి సంస్థ ఏర్పడింది. చేతిలో ఉన్న ప్రసార మాధ్యమాన్ని వదులుకోవడానికి ఏ ప్రభుత్వమూ సులభంగా ఇష్టపడదు. ఆ స్వయంప్రతిపత్తి ఆచరణలో ఎంతవరకు నిలిచిందన్న చర్చ తర్వాత కూడా కొనసాగింది.

1998 ఎన్నికల్లో మహబూబ్‌నగర్ నుంచి జనతాదళ్ తరఫున మళ్లీ గెలిచారు. దేశంలో ఆ పార్టీకి వచ్చినవి ఆరు స్థానాలే. ఆంధ్రప్రదేశ్‌లో దక్కింది ఆయన గెలిచిన ఒక్కటే. అదే సంవత్సరానికి ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారానికి ఆయన ఎంపికయ్యారు.

రెండు దశాబ్దాల తర్వాత కాంగ్రెస్‌లోకి

1999లో జనతాదళ్ చీలికల నేపథ్యంలో జైపాల్‌రెడ్డి తిరిగి కాంగ్రెస్‌లో చేరారు. అత్యవసర పరిస్థితిని వ్యతిరేకించి బయటకు వచ్చిన నాయకుడు, ఇందిరపైనే పోటీ చేసిన అభ్యర్థి మళ్లీ అదే గూటికి చేరడం విమర్శలకు తావిచ్చింది. మతతత్వ శక్తులను ఎదుర్కోవడానికే ఈ నిర్ణయమని ఆయన పక్షం సమర్థించుకుంది.

కొత్త పార్టీతోపాటు స్థానమూ మారింది. నల్గొండ జిల్లాలోని మిర్యాలగూడ నుంచి బరిలో దిగి విజయం సాధించారు. తెలుగుదేశం, బీజేపీ కలిసి పోటీచేసిన ఆ ఎన్నికల్లో రాష్ట్రం నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచినవారు ఐదుగురే. వారిలో ఆయన ఒకరు. అదే సమయంలో ఆయన వదిలిన మహబూబ్‌నగర్‌లో బీజేపీ అభ్యర్థిగా ఏపీ జితేందర్‌రెడ్డి గెలిచారు. ఈ పేరు జైపాల్‌రెడ్డి ఎన్నికల చరిత్రలో మరో రెండు సార్లు ఎదురవుతుంది.

2004లో మిర్యాలగూడ నుంచే మరోసారి ఎన్నికై, మన్మోహన్‌సింగ్ మంత్రివర్గంలో సమాచార, ప్రసార శాఖను చేపట్టారు. 2005 నవంబరులో పట్టణాభివృద్ధి శాఖకు మారారు. ఆ మరుసటి నెలలోనే జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం ప్రారంభమైంది. హైదరాబాద్ సహా ఎంపిక చేసిన నగరాలకు తాగునీరు, మురుగునీటి పారుదల, రవాణా పనులకు కేంద్ర నిధులు ఈ పథకం ద్వారానే అందాయి. నగర రహదారులపై జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అక్షరాలతో తిరిగిన సిటీ బస్సులు ఈ ప్రాంత ప్రయాణికులకు గుర్తుండే ఉంటాయి. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లి పురపాలక సంఘం సహా పన్నెండు పురపాలక సంఘాలు, ఎనిమిది గ్రామ పంచాయతీలు విలీనమై బృహత్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఏర్పడిందీ ఆ కాలంలోనే.

చేవెళ్ల ఆవిర్భావం

2008లో అమలులోకి వచ్చిన పునర్విభజన మిర్యాలగూడ లోక్‌సభ స్థానాన్ని పూర్తిగా తొలగించింది. రెండు సార్లు గెలిపించిన నియోజకవర్గం పటం నుంచే మాయమైంది. అదే పునర్విభజన చేవెళ్లను కొత్తగా సృష్టించింది. శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్, మహేశ్వరం, చేవెళ్ల, పరిగి, వికారాబాద్, తాండూరు శాసనసభ స్థానాలు దీని పరిధిలోకి వచ్చాయి. ఒక కొసన మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల భవనాలు. మరో కొసన తాండూరు కంది చేలు, నాపరాతి గనులు. ఇటు ట్రాఫిక్, అపార్ట్‌మెంట్లకు మంజీరా నీరు. అటు సాగునీరు, గిట్టుబాటు ధర. ఇంత వైరుధ్యం ఉన్న లోక్‌సభ స్థానాలు రాష్ట్రంలో అరుదు.

2009 ఎన్నికల్లో కాంగ్రెస్ అభ్యర్థిగా జైపాల్‌రెడ్డి, తెలుగుదేశం, తెరాస, వామపక్షాల మహాకూటమి తరఫున తెలుగుదేశం అభ్యర్థిగా జితేందర్‌రెడ్డి తలపడ్డారు. రాష్ట్రంలో కాంగ్రెస్ 33 స్థానాలు గెలిచిన ఆ ఎన్నికల్లో చేవెళ్లలో జైపాల్‌రెడ్డి ఆధిక్యం 18,532 ఓట్లు. శేరిలింగంపల్లి తొలి శాసనసభ్యునిగా కాంగ్రెస్‌కే చెందిన భిక్షపతి యాదవ్ గెలిచారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. తన పార్టీ బలహీనంగా ఉన్న 1984, 1998, 1999 ఎన్నికల్లో గాలికి ఎదురీది నెగ్గిన నాయకుడు, పార్టీ బలంగా ఉన్న 2009లో స్వల్ప తేడాతో గట్టెక్కారు. కల్వకుర్తిలో పదిహేనేళ్లు అల్లుకున్న పరిచయాలను కొత్త నియోజకవర్గానికి వెంట తెచ్చుకోవడం ఎంతటివారికైనా సాధ్యం కాదు.

పెట్రోలియం శాఖ, తెలంగాణ

రెండో యూపీఏ ప్రభుత్వంలో 2011 జనవరి వరకు పట్టణాభివృద్ధి శాఖలోనే కొనసాగారు. అనంతరం పెట్రోలియం, సహజవాయువు శాఖ దక్కింది. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డీ6 క్షేత్రంలో గ్యాస్ ఉత్పత్తి అంచనాలకన్నా బాగా తగ్గడంపై రిలయన్స్ సంస్థతో ఆ శాఖకు వివాదం నడిచింది. లక్ష్యం మేరకు ఉత్పత్తి జరగలేదన్న కారణంతో సుమారు 100 కోట్ల డాలర్ల వ్యయాన్ని సంస్థ రాబట్టుకోవడానికి వీల్లేదని 2012లో పెట్రోలియం శాఖ తేల్చిచెప్పింది. అదే ఏడాది అక్టోబరులో జరిగిన మంత్రివర్గ పునర్వ్యవస్థీకరణలో ఆయనను శాస్త్ర, సాంకేతిక, భూవిజ్ఞాన శాఖలకు మార్చారు. ఈ మార్పును గ్యాస్ వివాదంతో ముడిపెడుతూ ప్రతిపక్షాలు విమర్శలు గుప్పించాయి. 2014 మే వరకు ఆయన ఆ శాఖలోనే ఉన్నారు.

ప్రత్యేక తెలంగాణ విషయంలో ఈ ప్రాంత కేంద్ర మంత్రిగా అధిష్ఠానం వద్ద రాష్ట్ర ఏర్పాటుకు అనుకూలంగా వాదించారు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును ఆమోదించాయి. 1969 ఉద్యమ కాలంలో చట్టసభలో అడుగుపెట్టిన నాయకుడు, నలభై ఐదేళ్ల తర్వాత రాష్ట్రాన్ని ఏర్పరచిన మంత్రివర్గంలో సభ్యునిగా ఉన్నారు.

2,590 ఓట్ల దూరం

ఆ బిల్లు ఆమోదం పొందిన మూడు నెలలకే వెలువడిన ఎన్నికల ఫలితాలు ఆయనకు చేదును మిగిల్చాయి. 2014లో చేవెళ్లను వీడి పాత స్థానమైన మహబూబ్‌నగర్ నుంచి పోటీచేశారు. ప్రత్యర్థి మళ్లీ జితేందర్‌రెడ్డే. ఈసారి తెరాస అభ్యర్థిగా. బీజేపీ తరఫున నాగం జనార్దన్‌రెడ్డి రంగంలో ఉండటంతో పోరు ముక్కోణంగా మారింది. జైపాల్‌రెడ్డి 2,590 ఓట్ల తేడాతో ఓడిపోయారు. సుమారు 1,300 మంది ఓటర్లు మనసు మార్చుకుని ఉంటే ఫలితం తారుమారయ్యేది. తెలంగాణలోని 17 స్థానాల్లో కాంగ్రెస్‌కు దక్కినవి రెండే. రాష్ట్రాన్ని ఇచ్చిన పార్టీ కన్నా ఉద్యమాన్ని నడిపిన పార్టీకే ప్రజలు పట్టం కట్టారు.

ఆ తర్వాత ఆయన లోక్‌సభకు పోటీ చేయలేదు. 2018లో ‘టెన్ ఐడియాలజీస్’ అనే గ్రంథాన్ని వెలువరించారు. వ్యవసాయ, పారిశ్రామిక సమాజాల మధ్య అసమానతను భావజాలాల కోణంలో చర్చించిన రచన ఇది. 2019 జులై 28న, 77 ఏళ్ల వయసులో, గచ్చిబౌలిలోని ఆసుపత్రిలో కన్నుమూశారు. నెక్లెస్ రోడ్డులో అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆ స్థలం స్ఫూర్తి స్థల్‌గా పేరుపొందింది. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి ఆయన పేరు పెట్టాలని 2025 జనవరిలో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది.

వరుసగా రెండోసారి ఎవరికీ దక్కని చేవెళ్ల

తొలి ఎంపీ తర్వాత కూడా చేవెళ్ల ఎవరికీ స్థిరంగా దక్కలేదు. 2014లో తెరాస అభ్యర్థి కొండా విశ్వేశ్వర్‌రెడ్డి 73,023 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 2019లో కాంగ్రెస్ తరఫున బరిలో నిలిచిన ఆయనను తెరాస అభ్యర్థి జి.రంజిత్‌రెడ్డి 14,317 ఓట్ల తేడాతో ఓడించారు. 2024లో బీజేపీ అభ్యర్థిగా విశ్వేశ్వర్‌రెడ్డి, కాంగ్రెస్ అభ్యర్థిగా మారిన రంజిత్‌రెడ్డిపై 1,72,897 ఓట్ల ఆధిక్యం సాధించారు. నాలుగు ఎన్నికల్లో ఏ ఎంపీ కూడా వరుసగా రెండోసారి గెలవలేదు.

శాసనసభ విషయంలో ఇదే ప్రాంతం మరో రకంగా తీర్పునిచ్చింది. శేరిలింగంపల్లి నుంచి అరికెపూడి గాంధీ 2014లో తెలుగుదేశం, 2018, 2023లలో తెరాస (బీఆర్‌ఎస్) అభ్యర్థిగా మూడు సార్లు వరుసగా గెలిచారు. నాలాలు, రోడ్లు, పట్టాల కోసం ఎదుట కనిపించే ఎమ్మెల్యేను ఓటరు గుర్తుంచుకుంటాడు. ఢిల్లీలో శాఖలు నడిపే ఎంపీ పని ఇంటి గడప వరకు వచ్చేసరికి ఎవరి ఖాతాలో పడిందో తెలియకుండా పోతుంది. పట్టణాభివృద్ధి మంత్రి స్వయంగా ఎంపీగా ఉన్నా ఆ దూరం పూర్తిగా చెరగలేదు.

తర్వాతి పునర్విభజన జరిగినప్పుడు చేవెళ్ల సరిహద్దులు ఎలా మారతాయన్నది ఈ ప్రాంత ఓటర్లకు కీలకం. 2024లో ఈ లోక్‌సభ స్థానంలో 29 లక్షలకు పైగా ఓటర్లుండగా, ఒక్క శేరిలింగంపల్లిలోనే ఏడు లక్షలకు మించి ఉన్నారు. ఒక గీత మిర్యాలగూడను తుడిచేసి జైపాల్‌రెడ్డిని ఇక్కడికి పంపింది. మరో గీత నల్లగండ్ల ఓటరును ఎక్కడికి చేరుస్తుందో, అప్పుడు ఎంపీని అడగవలసిన ప్రశ్నలేమిటో ఇప్పటినుంచే ఆలోచించుకోవలసి ఉంది.

జైపాల్‌రెడ్డి ప్రస్థానంలో ముఖ్య ఘట్టాలు

1969: కల్వకుర్తి ఉప ఎన్నికలో విజయం
1972: కల్వకుర్తి నుంచి రెండోసారి శాసనసభకు
1977: కాంగ్రెస్‌ను వీడి జనతా పార్టీలో చేరిక
1978, 1983: కల్వకుర్తి, జనతా పార్టీ తరఫున విజయం
1980: మెదక్‌లో ఇందిరాగాంధీపై ఓటమి
1984: మహబూబ్‌నగర్, జనతా పార్టీ, విజయం
1990-96: రాజ్యసభ సభ్యత్వం, 1991-92లో ప్రతిపక్ష నాయకుడు
1997-98: రాజ్యసభ సభ్యత్వం, సమాచార, ప్రసార శాఖ మంత్రి
1998: మహబూబ్‌నగర్, జనతాదళ్, విజయం
1999, 2004: మిర్యాలగూడ, కాంగ్రెస్, విజయం
2004-14: కేంద్ర మంత్రివర్గంలో వివిధ శాఖలు
2009: చేవెళ్ల, కాంగ్రెస్, 18,532 ఓట్ల ఆధిక్యం
2014: మహబూబ్‌నగర్, కాంగ్రెస్, 2,590 ఓట్లతో ఓటమి